పేరు తరువాత ఏం పెడతారు?

మా అమ్మాయికి నోయిడాలో ఆడబిడ్డ పుట్టింది. తల్లీబిడ్డలు క్షేమంగా ఇల్లు చేరిన మూడో రోజు నుండే పేరు గురించి మాటామాటా మొదలైంది. ఢిల్లీ, ఘజియాబాద్, నోయిడాల్లోని తెలుగు ఉపాసకుల ఇళ్లలో బిడ్డ పుడితే త్రిశరణ పంచశీలాలు చెప్పించి పేరు పెట్టించే పని చాలా ఏళ్లుగా మా మీదే ఉంది. పరాయి ఇళ్లలో ఎంత సునాయాసంగా చేశామో సొంత ఇంట్లో అంతగా ఇరుక్కున్నాం. ఆ ఇరుకులో తోచిన ఆలోచనలను ధమ్మ బంధువుల ముందు పెడుతున్నాం.

మేము 'పున్నిక' అన్నాం. థేరీగాథలో మాట్లాడే భిక్షుణులలో పున్నిక ఒకరు. దాసిగా పుట్టి, యజమానురాళ్ల తిట్లకూ దెబ్బలకూ భయపడి, చలికాలంలో కూడా నదిలో దిగి నీళ్లు మోసిన మనిషి. అదే నదిలో గజగజ వణుకుతూ పాపం కడుక్కుంటున్న బ్రాహ్మణుడిని చూసి, నీళ్లలో మునిగితేనే పాపం పోయేటట్లయితే కప్పలూ తాబేళ్లూ మొసళ్లూ అన్నీ స్వర్గానికి పోవలసిందే కదా అని నిలదీసింది. ఆడపిల్లకు ఇంతకన్నా మంచి పేరు ఏముంటుందన్నది మా వాదన.

అల్లుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. విహారంలో పెళ్లి చేసుకున్నవాడే, ధమ్మం తెలియనివాడు కాదు. విని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మామయ్యా, పదేళ్లుగా ఈ ఊళ్లో ఎక్కడికి పోయినా 'ఆగే క్యా లగాతే హైఁ' అని అడుగుతున్నారు. నాకు అలవాటైపోయింది. ఆ జవాబు నేను చెప్పుకుంటాను. మూడు కిలోలు కూడా లేని పిల్లతో చెప్పించకండి. ఎవరూ ఆగి అడగని పేరు పెడదాం, ఆద్య అనో, అనన్య అనో" అన్నాడు.

ఢిల్లీ ప్రాంతానికి కొత్తగా వచ్చిన తెలుగువారి కోసం ఒక మాట చెప్పాలి. మన వైపు కులం తెలుసుకోవాలంటే ఊరు అడుగుతారు, ఏ వాడ అని అడుగుతారు, ఇంటిపేరు అడుగుతారు, చివరికి "మీరేమిట్లు?" అంటారు. ఇక్కడ అంత తిప్పలు లేవు. పేరు చెప్పగానే దాని తరువాత ఏం తగిలిస్తారని అడుగుతారు. 'ఆగే' అంటే ముందు అని అర్థం. వీరి లెక్కలో పేరుకు వెనక వచ్చేదే ముందుది. శర్మ, త్యాగి, గుప్తా, చౌదరి అన్న తోక వినబడితే ప్రశ్న అక్కడితో ఆగుతుంది. కుమార్ అనో, రామ్ అనో వినబడితే రెండో ప్రశ్న మొదలవుతుంది. మన వైపు రామ్ అన్నది ఏ కులం వారి పేరులోనైనా ఉంటుంది. ఇక్కడ జగ్జీవన్ రామ్, కాన్షీరామ్‌ల పేర్ల చివర అదే మాట వింటే చెవి మరోలా పనిచేస్తుంది. గౌతమ్ సంగతి ఇంకా చిత్రం. పేరు మొదట ఉంటే సినిమా హీరో పేరులా చెల్లుతుంది. చివర ఉంటే, బ్రాహ్మణ గోత్రమా, మన బౌద్ధ జాటవ కుటుంబమా అని తేల్చుకునేదాకా అడిగేవారికి నిద్ర పట్టదు. నోయిడా ఉన్న జిల్లా పేరు గౌతమ బుద్ధ నగర్, 1997లో ఏర్పడింది. పక్కన ఘజియాబాద్‌లో వైశాలి, కౌశాంబి కాలనీలు ఉన్నాయి, ఆ పేర్లతో మెట్రో స్టేషన్లూ ఉన్నాయి. చిరునామాలో బుద్ధుడు ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు.

అల్లుడి మాటకు జవాబు దొరక్క, ఆ ఆదివారం విహారంలో ఒక వృద్ధ ఉపాసకుని దగ్గర విషయం కదిపాం. ఆయన నవ్వి, "పేరుదేముంది తమ్ముడూ, లోక వ్యవహారం కోసం పెట్టుకున్న గుర్తు" అన్నారు. నామసిద్ధి జాతకం చెప్పారు. తక్షశిలలో ఒక గురువు దగ్గర పాపకుడు అనే శిష్యుడుండేవాడు. పాపకా రా, పాపకా పో అని అందరూ పిలుస్తుంటే భరించలేక, మంచి పేరు పెట్టమని గురువును వేడుకున్నాడు. నువ్వే వెతుక్కుని రా అన్నాడు గురువు. పాపకుడు బయలుదేరాడు. ఒక ఊళ్లో శవాన్ని మోసుకుపోతున్నారు, చనిపోయినవాడి పేరు జీవకుడు. ఇంకో చోట కూలి డబ్బు తేలేదని ఒక దాసిని యజమానులు వాకిట్లో పడేసి కొడుతున్నారు, ఆమె పేరు ధనపాలి. అడవిదారిలో ఒకడు తోవ తప్పి తిరుగుతున్నాడు, వాడి పేరు పంథకుడు, అంటే బాట తెలిసినవాడు. పాపకుడికి జ్ఞానోదయమై, నా పేరే నాకు చాలు అని తిరిగి వచ్చాడు.

వాసెట్ఠ సుత్తంలో భగవానుడు చెప్పిందీ ఇదే కదా అన్నారు పెద్దాయన. పేరూ గోత్రమూ మనుషులు కల్పించుకున్నవి, పుట్టుకతో వచ్చినవి కావు. అది నిజం. ఆ సుత్తం మీదనే మనం కులాన్ని కాదంటున్నాం. అయినా ఆ రోజు ఇంటికి వస్తూ మెట్రోలో పాపకుడి కథే నెమరు వేసుకుంటూ ఉంటే ఒక చోట ముల్లులా గుచ్చుకుంది. వాకిట్లో ఒక ఆడమనిషి దెబ్బలు తింటోంది. పాపకుడు ఆగాడు, ఆమె పేరు అడిగాడు, పేరుకూ బతుకుకూ పొంతన లేదని నేర్చుకున్నాడు, ముందుకు సాగాడు. ఎందుకు కొడుతున్నారని మాత్రం అడగలేదు. గురువు కూడా, మొదట నిన్ను అలా పిలిచి నవ్వినవాళ్లు ఎవరు అని అడగలేదు. పేరుదేముంది అన్న మాట వినడానికి ఎంతో చల్లగా ఉంటుంది. పేరు వల్ల దెబ్బ తగలనివారి నోట మరీ చల్లగా ఉంటుంది.

తక్షశిలదే ఇంకొక కథ ఉంది. ఇది వినయ పిటకంలోనే ఉంది. నందివిశాలుడనే ఎద్దు తన యజమానితో, నూరు బళ్లు ఒకదానికొకటి కట్టి లాగుతాను, వెయ్యి పందెం కాయమంది. పందెం నాడు యజమాని కాడి కట్టి, కదలరా మోసకారీ అని అదిలించాడు. ఎద్దు కదలలేదు. వెయ్యి పోయాయి. ఏడుస్తూ కూర్చున్న యజమానితో ఎద్దు, నేను ఎన్నడూ మోసం చేయలేదే, ఆ పేరుతో నన్ను ఎందుకు పిలిచావు, ఈసారి రెండువేలు కాయి, ఆ మాట మాత్రం అనకు అంది. మంచి మాటతో పిలిస్తే నూరు బళ్లూ లాగింది. కొందరు భిక్షువులు తోటి భిక్షువులను కించపరచి మాట్లాడారని తెలిసినప్పుడు భగవానుడు ఈ కథ చెప్పి, అలా మాట్లాడటం నేరమని నియమం పెట్టాడు. పాచిత్తియ నియమాలలో అది రెండవది.

న్యాయశాస్త్రం చదివిన కళ్లతో చూస్తే ఆ నియమం వివరణ మమ్మల్ని ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. దేనిని పట్టుకుని కించపరుస్తారో వరుసగా పది చెబుతుంది. జాతి మొదటిది, పేరు రెండవది, తరువాత గోత్రం, పని, విద్య, ఇలా సాగుతుంది. లోకంలో హీనమనుకునే పేర్లకు కొన్ని ఉదాహరణలు కూడా ఇస్తుంది. అందులో ఒకటి కులవడ్ఢక, అంటే వంశాన్ని పెంచేవాడు. అర్థంలో ఏ తక్కువా లేదు. అయినా ఆ కాలపు చెవికి అది తక్కువ పేరు. పైగా, ఆయా ప్రాంతాల్లో ఏ పేరును చులకన చేస్తారో అదీ ఇందులోకే వస్తుందని చేరుస్తుంది. రామ్ అన్న మాట మన ఊళ్లో ఒకలా, ఢిల్లీలో ఒకలా వినబడుతుందని ఆ వివరణ రాసినవారికి తెలుసు! ఇంకొక మెట్టు కూడా ఉంది. గొప్ప పేరుతో పిలిచినా సరే, కించపరిచే ఉద్దేశం ఉంటే నేరమే. 'ఏం మహారాజా' అని ఒక రిక్షా కార్మికుణ్ణి పిలిచే గొంతు మనకు తెలియనిదా.

మన చట్టం ఇక్కడికి చేరడానికి చాలా కాలం పట్టింది. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణతో, నలుగురూ చూసే చోట కులం పేరుతో దూషించడం సెక్షన్ 3(1)(ఎస్) కింద విడిగా నేరమైంది. మంచిదే. కానీ పేరు తరువాత ఏం పెడతారని మర్యాదగా, టీ కప్పు చేతికిస్తూ అడిగే ప్రశ్నకు సెక్షన్ లేదు.

ఈ సరంజామా అంతా పట్టుకుని మేము మళ్లీ అల్లుడి ముందు కూర్చున్నాం. నేరం పిలిచే నోటిది, పేరుది కాదు, పేరు దాచుకోవడమంటే ఆ నోటిని ఒప్పుకోవడమే అని చెప్పాం. బాగానే చెప్పామనుకున్నాం. పక్కన బిడ్డకు పాలిస్తున్న మా అమ్మాయి తల ఎత్తకుండానే అడిగింది: "మరి మీ పెళ్లి కార్డులో నానమ్మ పేరు మార్చిందెవరు నాన్నా?"

మా అమ్మ పేరు పెంటమ్మ. నల్లగొండ జిల్లాలో మా ఊళ్లో ఆ పేరు ప్రతి వాడలోనూ ఉండేది. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, తరువాతి బిడ్డను పుట్టగానే పెంటకుప్ప మీద పెట్టి, మళ్లీ తీసుకుని ఆ పేరు పెట్టేవాళ్లు. పెంట మీది దాన్ని చావు కూడా కన్నెత్తి చూడదని ఆశ. మనువు రెండో అధ్యాయంలో శూద్రుడికి పేరు జుగుప్స కలిగించేదిగా ఉండాలని రాశాడు. 1927 డిసెంబర్ 25న బాబాసాహెబ్ నాయకత్వంలో మహద్‌లో తగలబెట్టిన పుస్తకం అదే. బయటి నుంచి చూస్తే మనువు కోరిన పేరూ మా అమ్మమ్మ పెట్టిన పేరూ ఒకేలా ఉంటాయి. ఒకటి ఛీత్కారంతో పెట్టింది, ఇంకొకటి బిడ్డ బతకాలన్న తపనతో పెట్టింది. దొరల నోట మాత్రం రెండూ కలిసి 'పెంటి' అయ్యేది.

మేము లా చదివి, ఊళ్లో మొదటి వకీలు అని పేరు తెచ్చుకున్న రోజుల్లో పెళ్లి కుదిరింది. శుభలేఖలో తల్లి పేరు దగ్గర ప్రెస్సు అతనికి 'పద్మమ్మ' అని రాసిచ్చాం. అమ్మకు చదువు రాదు. ఎవరో పిల్లవాడు కార్డు చదివి వినిపిస్తే, మా దగ్గరికి వచ్చి, "గీ పద్మమ్మ ఎవలు బిడ్డా?" అంది. కోపంగా కాదు. నిజంగా తెలియక అడిగింది. అచ్చు తప్పు అని చెప్పాం. అప్పటికి మేము దీక్ష తీసుకోలేదన్నది సాకు కాదు. బౌద్ధులమయ్యాక కూడా ఎక్కడ తల్లి పేరు రాయవలసి వచ్చినా చెయ్యి ఒక్క క్షణం ఆగేది. పాంసుకూల చీవరం గురించి ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. పెంటకుప్పల మీద పారేసిన గుడ్డలు ఏరి, ఉతికి, కుట్టుకుని భిక్షువులు గౌరవంగా కప్పుకున్నారని. పెంట మీది గుడ్డకు ఇచ్చిన గౌరవం పెంట మీది పేరుకు ఇవ్వలేకపోయాం.

అందుకని ఆ రోజు అల్లుడికి మా ఉపన్యాసం అంతటితో ఆగింది.

ఇంటర్నెట్‌లో వెతికి అతనే మాకు కొన్ని లెక్కలు చూపించాడు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, 548 ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం చదువు ఉన్నట్టు చూపి, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. దళితుల పేర్లకూ ముస్లింల పేర్లకూ పిలుపు వచ్చే అవకాశం తగ్గింది. తరువాత అభిజిత్ బెనర్జీ, మరి ముగ్గురు ఆర్థికవేత్తలు ఢిల్లీ చుట్టుపక్కలే 371 ఉద్యోగాలకు ఇలాంటివి 3,160 పంపారు. 2009లో వచ్చిన ఆ ఫలితం అంత సూటిగా లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో తేడా కనబడలేదు. కాల్ సెంటర్లలో కనబడింది, అదీ ఎక్కువగా వెనుకబడిన కులాల పేర్లకు, కొంత తక్కువగా మన పేర్లకు. "చూశారా, మా రంగంలో తేడా లేదట" అని అల్లుడే నవ్వాడు. "ఇల్లు అద్దెకు అడిగినప్పుడు తెలుస్తుంది." దానికీ పరిశోధన ఉంది. 2012 తొలి నెలల్లో ఢిల్లీ, ఫరీదాబాద్, ఘజియాబాద్, గుర్‌గావ్, నోయిడాల్లో అద్దె ఇళ్ల కోసం వాకబు చేయించి చూశారు. పేరు వినగానే గది ఖాళీగా లేకుండా పోవడం మనవాళ్లకు అనుభవమే. అది పత్రికలో అచ్చయింది.

ఈ ఇబ్బందిని బాబాసాహెబ్ ఎప్పుడో ఎదుర్కొని ఆలోచించారు. ఆయన మరణానంతరం వెలుగు చూసిన 'అవే ఫ్రమ్ ది హిందూస్' వ్యాసంలో పేరుదేముంది అన్న ప్రశ్ననే తీసుకుని, పేరులో చాలా ఉందని జవాబిచ్చారు. అంటరానివారు కొత్త పేర్ల చాటున తలదాచుకోవాలని చూస్తారు, కానీ అడిగేవాడు మొదటి జవాబుతో ఊరుకోడు, మళ్లీ అడుగుతాడు, చివరికి అసలు సంగతి చెప్పించి వదులుతాడు అన్నారు. అందుకే పేరు మార్చుకుంటే సరిపోదు, మతమే మారాలన్నది ఆయన వాదం. మన తెలుగువారికీ ఇది అనుభవమే. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచములు అన్న పేరు వదిలి ఆది ఆంధ్రులు అని పెట్టుకున్నాం. ఆయన స్వయంగా మాదరి భాగయ్యగా పుట్టినవాడు. రెడ్డి అన్నది కులగురువు చేర్చింది, వర్మ ఆర్యసమాజం ఇచ్చింది. అంత బలమైన రెండు తోకలు ఉన్నా, ఆయన ఎవరో హైదరాబాదులో తెలియనివారు లేరు. ఆయనను నిలబెట్టింది ఆ తోకలు కావు, ఆయన పెట్టిన బడులు. కోస్తాలో మన క్రైస్తవ సోదరుల కష్టం వేరు. 1950 నాటి ఉత్తర్వు వల్ల చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు. దేవుడి దగ్గర ఒకరు, ఎమ్మార్వో దగ్గర ఇంకొకరు. 1990 సవరణ తరువాత మన బౌద్ధులకు ఆ రెండు పేర్ల బతుకు అక్కరలేదు. అయినా జన్మ నక్షత్రం చూసి చు, చే, చో, లా అని అక్షరం తెప్పించుకుంటున్న ఇళ్లు మనలో ఉన్నాయని అందరికీ తెలుసు. ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో ఎనిమిదవది వారికి ఎవరైనా గుర్తు చేస్తే బాగుంటుంది.

గోరా గారి సంగతి కూడా ఆ రాత్రి చర్చకు వచ్చింది. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకుకు లవణం అనీ, యుద్ధం మొదలైన 1939లో పుట్టిన కొడుకుకు సమరం అనీ పేర్లు పెట్టారు. లవణం గారు జాషువా కుమార్తె హేమలతను పెళ్లాడారు. ఆ కుటుంబం మాటకూ చేతకూ తేడా లేకుండా బతికింది, మేము తప్పు పట్టడం లేదు. అయితే మా అల్లుడన్న మాటా కాదనలేం: "బ్రాహ్మణ ఇంట్లో పుట్టిన నాస్తికుడు కొడుక్కి ఉప్పు అని పేరు పెడితే ఆదర్శం. మా తాత పెట్టి ఉంటే?"

నిజానికి మేము ఇన్నాళ్లూ ఇళ్లలో చదివి వినిపించిన పేర్ల జాబితా ఒకసారి తీసి చూసుకుంటే సిగ్గేసింది. సిద్ధార్థ, రాహుల్, అశోక్, యశోధర, ఖేమ, గౌతమి. రాజులు, రాకుమారులు, రాణులు. పాకీ పని చేసిన సునీతుడు ఆ జాబితాలో లేడు. సోపాకుడు అసలే లేడు. ఆ పేరే కుక్కమాంసం వండుకునేవాడు అన్న కులపు తిట్టు. సంఘంలో చేరాక కూడా ఆయన పేరు ఎవరూ మార్చలేదు. ఆ తిట్టే థేరగాథలో అర్హంతుడి పేరుగా నిలిచింది. మన ఇళ్లలో ఒక్క పిల్లవాడికీ ఆ పేరు లేదు. ఉండాలని మేము అనలేం. అంత బరువు పసివాడి మీద పెట్టే హక్కు ఎవరికుంది? కానీ కులం దాచడానికి ఆద్య అని పెడదామన్న అల్లుడికీ, హోదా కోసం రాణుల పేర్లు పంచుతున్న మాకూ మధ్య ఎంత దూరముందో ఆ రాత్రి మాకు సరిగా తోచలేదు.

తొందరేమీ లేదని మాత్రం చెప్పగలిగాం. జననం 21 రోజుల్లో నమోదు చేయాలి. పేరు మాత్రం 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. ఆ తరువాత రుసుముతో 15 ఏళ్ల దాకా గడువుంది. చాలామంది ఇది తెలియక ఆసుపత్రి గుమాస్తా తొందర పెట్టాడని ఏదో ఒకటి రాయించేస్తున్నారు.

ఐదో వారంలో అల్లుడే ఫోన్ చేశాడు. "పున్నిక పెడదాం" అన్నాడు. మా ఆనందం ఎంతోసేపు నిలవలేదు. "ఆఫీసులో నలుగురికి చెప్పి చూశాను. ఎవరికీ ఏమీ అంతుబట్టలేదు. ఒకరు బెంగాలీ అన్నారు, ఒకరు జైనుల పేరా అన్నారు. ఎవరూ ఏ గడిలోనూ పెట్టలేకపోయారు. అందుకే నచ్చింది." మేము చాటాలని తెచ్చిన పేరు అతనికి చాటుగా ఉన్నందువల్ల నచ్చింది! ధమ్మ జెండా అనుకుని మేమిచ్చినది ఈ నగరంలో ఎవరూ చదవలేరన్న మాట. రెండు షరతులు పెట్టాడు. పేరు వెనక ఏ తోకా ఉండదు, తన ఇంటిపేరు కూడా. పిల్ల అడిగేదాకా ఆ పేరు మీద ఎవరూ ఉపన్యాసం ఇవ్వకూడదు. రెండోది మా కోసమేనని మాకు తెలుసు. మా అమ్మాయి ఇంకొకటి చేర్చింది. పద్దెనిమిదేళ్లు నిండాక తనకు నచ్చకపోతే అఫిడవిట్ రాసి, గెజిట్‌లో వేయించి మార్చుకోవచ్చు, ఆ కాగితాలు తాతే తయారు చేయాలి. ఒప్పుకున్నాం.

మున్సిపల్ కార్యాలయానికి మేమూ వెళ్లాం. తల్లి పేరు, తండ్రి పేరు రాశారు. గుమాస్తా బిడ్డ పేరు రెండుసార్లు చెప్పించుకుని టైపు చేశాడు. తల ఎత్తకుండానే, "ఆగే?" అన్నాడు.

"కుఛ్ నహీఁ" అంది మా అమ్మాయి. "బస్, ఇత్నా హీ."

అప్పుడు తల ఎత్తి ముగ్గురినీ ఒకసారి చూశాడు. తరువాత వెనక నిలబడినవాళ్ల కాగితాల కోసం చెయ్యి చాపాడు.